డీజిల్ పెరిగాక మా నాన్న డుంగీ

నాయనమ్మ పోయాక పదకొండేళ్లపాటు మా నాన్న, చిన్నాన్న ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మా దీవిలో మిన్నీ బే ఒడ్డున ఇద్దరి డుంగీలూ పక్కపక్కనే కట్టి ఉండేవి. ఇంజన్ పెట్టిన చిన్న చెక్కపడవని ఇక్కడ అందరూ డుంగీ అంటారు. పొద్దున్నే నాన్న తాడు విప్పుతుంటే, రెండు బారల దూరంలో చిన్నాన్న వల సర్దుకుంటూ అటు తిరిగి ఉండేవాడు. నేను అటుగా వెళ్తే మాత్రం చిన్నాన్న పలకరించేవాడు. "ఏటమ్మా, స్కూలుకేనా?" అనేవాడు. నాన్న వినబడనట్టు ఊరుకునేవాడు.

గొడవ నాయనమ్మ అస్థికల గురించి. ఆవిడ శ్రీకాకుళం ఒడ్డున పుట్టి, కొత్త పెళ్లికూతురుగా ఓడెక్కి ఈ దీవికి వచ్చింది. పోయినప్పుడు చిన్నాన్న ఒకటే పట్టుబట్టాడు, అమ్మని పుట్టినూరి సముద్రంలోనే కలపాలని. విశాఖపట్నం ఓడకి టికెట్ కోసం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్యూలో నిలబడి, ఎలాగో సంపాదించి తెచ్చాడు. ఇంటికి వచ్చేసరికి నాన్న అస్థికల్ని ఇక్కడి నీళ్లలోనే కలిపేసి, తలస్నానం చేసి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చిన్నాన్న చేతిలోని టికెట్ చూసుకున్నాడు, నాన్నని చూశాడు, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కులపెద్దలు, మేనమామలు, ఎంతమంది కూర్చోబెట్టినా వాళ్లు కలవలేదు.

డీజిల్ ధర పెరగడాన్ని మొదట మా ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కరోనా వెనక్కి తగ్గి, చేపలు మళ్లీ బాగా అమ్ముడుపోతున్న రోజులు. ఎక్కడో యుద్ధమని, నూనె ఓడలు ఆగిపోయాయని వార్తల్లో చెప్పేవారు. శ్రీకాకుళం నుంచి చుట్టాలు ఫోన్ చేసి, "మీకక్కడ ట్యాక్సు తక్కువ, మీకు చవకే కదా" అనేవారు. అమ్మకి ఆ మాట వింటే ఒళ్లు మండేది.

"ఇక్కడికి టమాటా కూడా ఓడెక్కే వస్తాది. ఓడ నీళ్లతో నడుస్తాదేటి?" అనేది.

నిజానికి ఇంట్లో అన్నిటికంటే ముందు తేడా కనబడింది అమ్మ కూరల సంచీలోనే. తర్వాత నా స్కూటర్ మీద. రేవుకి అవతల బంబూఫ్లాట్‌లో ఒక స్కూల్లో పిల్లలకి సోషల్ చెబుతాను. అంతకు ముందు రోజూ స్కూటర్ మీద చాతం రేవు దాకా వెళ్లి, దాన్ని ఫెర్రీ ఎక్కించి, అవతల దిగి, మళ్లీ దాని మీదే స్కూలుకి వెళ్లేదాన్ని. ఇప్పుడు దాన్ని ఇంటి వెనక నిలబెట్టి బస్సులో చాతం వెళ్లడం మొదలుపెట్టాను. ఫెర్రీలో స్కూటర్ సీటు మీద కూర్చునే నేను, ఇప్పుడు కమ్మీ పట్టుకుని నీళ్లని చూస్తూ నిలబడుతున్నాను.

నాన్న సంగతి వేరు. ఆయనతో పాటు డుంగీలో రంగత్ అనే ఊరి నుంచి వచ్చిన ఒక బెంగాలీ మనిషి వెళ్లేవాడు. ఏడేళ్లు కలిసి వేటాడారు. ఒకరోజు అతను మా అరుగు మీద కూర్చుని, "దాదా, చేపల్లో సగం ఇంజనే తినేస్తోంది. నేను మా ఊరు పోయి పోకతోట పని చూసుకుంటాను" అన్నాడు హిందీలో. నాన్న ఆపలేదు. రంగత్ బస్సు దాకా వెళ్లి సాగనంపి వచ్చాడు. ఆ రోజు నుంచి ఒక్కడే వెళ్లడం మొదలుపెట్టాడు. అప్పటికే ఆయనకి అరవై దాటాయి.

మా తమ్ముడు సరుకుల ఓడలో ఇంజన్ రూములో పనిచేస్తాడు. ఏ రేవులో ఉంటే ఆ రేవు నుంచి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు. సాయంత్రం వేట నుంచి వచ్చి టీ తాగేటప్పుడు నాన్న దాన్ని గట్టిగా పెట్టించుకుని వింటాడు. ఆ ఏడాది తమ్ముడి మెసేజీలు ఎక్కడి నుంచి వచ్చినా వాటిలో ఒకటే మాట. కొలంబోలో సరుకు దించే మనిషి ఒకతను రెండు రోజులు ఆటోలోనే కూర్చుని పెట్రోలు కోసం ఎదురుచూశాడట. తన వంతు వచ్చేసరికి పంపు ఖాళీ. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు మెట్ల కింద ఇటుకలు పేర్చి కట్టెలమీద వండుకుంటున్నారట. ఆఫ్రికాలో ఒక రేవు పక్కన బట్టలు కుట్టే అతను జనరేటర్ అమ్మేసి, వాళ్ల అమ్మ నాటి కాలి మిషన్‌ని అటక మీద నుంచి దించుకున్నాడట. చలిదేశంలో ఒక క్రేన్ ఆపరేటర్ ఇంట్లో ఒక్క గదినే వెచ్చగా ఉంచుకుని, ముసలి తల్లితో సహా ఆరుగురూ అందులోనే పడుకుంటున్నారట.

ఆ చివరి ముక్క విని అమ్మ నవ్వింది. "అత్తగారితో ఒకే గదిలోనా? ఆ కోడలిపిల్లని తలుసుకుంటే జాలేస్తంది."

నాన్న మాత్రం నవ్వలేదు. "మళ్లీ పెట్టు" అన్నాడు. మళ్లీ పెట్టాను. కాలి మిషన్ దగ్గర ఆపమన్నాడు. "ఆడు తెలివైనోడు" అన్నాడు.

నేను ఈ కబుర్లు స్కూల్లో కూడా చెప్పాను. గోడ మీద ప్రపంచపటంలో ఆ రేవులు చూపించి, మీ ఇళ్లల్లో ఏం మారిందని పిల్లల్ని అడిగాను. ఒకమ్మాయి వాళ్ల నాన్న ఇంజన్ ఆపేసి బండి మీద దిబ్బ దిగుతున్నాడని చెప్పింది. ఇంకొకడు లేచి, "మేడం, మా దాదీ ఖుషీగా ఉంది. అందరూ ఇంట్లోనే ఉంటున్నారని" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు ఫెర్రీలో తిరిగి వస్తూ ఆలోచించాను. దూరదేశాల కష్టం వింటే మన కష్టం తగ్గదు. కానీ ఎవరో ఎక్కడో ఏం చేశారో వింటే, మనం చేయగలిగినది ఇంకొకటి ఉందేమోనని అనిపిస్తుంది. అంతవరకే దాని ఉపయోగం. నాన్నకి మాత్రం అది అంతకంటే ఎక్కువే పనికొచ్చింది.

ఒకరోజు తమ్ముడు తన ఓడ గురించే చెప్పాడు. నూనె మిగలడానికి కంపెనీ వాళ్లు ఓడ వేగం బాగా తగ్గించమన్నారట. వేగం కొంచెం తగ్గిస్తే నూనె చాలా మిగులుతుందట. రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదన్నారట.

నాన్న టీ గ్లాసు కింద పెట్టి, "అంత పెద్ద ఓడే మెల్లగా పోతంటే నా డుంగీకేటి తొందర?" అన్నాడు.

మర్నాటి నుంచి ఇంజన్‌ని సగం వేగంలో నడపడం మొదలుపెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. డబ్బాలో డీజిల్ కూడా సరిగ్గా పోయేదానికీ వచ్చేదానికీ చూసుకుని పోసుకునేవాడు. అమ్మ మొత్తుకునేది. "ఒక గ్లాసు ఎక్కువ ఏసుకుంటే ఏటవుద్ది?"

"ఎక్కువ ఏస్తే ఎక్కువ దూరం పోవాలనిపిస్తాది" అనేవాడు నాన్న.

ఆ రోజు శుక్రవారం. స్కూలు అయ్యాక నాలుగు గంటల ఫెర్రీ ఎక్కాను. మా వైపు డుంగీలు సముద్రం మీద నుంచి ఇంటికి రావాలంటే రేవు ముఖద్వారంలోంచి లోపలికి వచ్చి, చాతం ముందు నుంచి, ఈ ఫెర్రీ దారిని దాటుకునే మిన్నీ బే వైపు తిరగాలి. అప్పుడు పాటు నడుస్తోంది. నీళ్లన్నీ రేవులోంచి బయటి సముద్రంలోకి లాగేస్తున్నాయి. ఫెర్రీ సగం దారిలో ఉండగా, ఒక డుంగీ ఇంజన్ చప్పుడు లేకుండా అడ్డంగా తిరిగి ఉండటం చూశాను. అందులో ఒకే మనిషి నిలబడి తెడ్డు వేస్తున్నాడు. నాలుగు తెడ్లు వేసి ముందుకొచ్చినంతా, ఒక్క క్షణం ఆగితే నీళ్లు వెనక్కి లాక్కుపోతున్నాయి.

నా పక్కన నిలబడ్డ ఒకావిడ, "అరె, ఆ భయ్యా ఇంజన్ బంద్ పడిపోయినట్టుంది" అంది.

డుంగీకి ముందు భాగంలో పసుపురంగు పట్టీ చూసే దాకా నాకు అర్థం కాలేదు, అది మా నాన్నేనని. పిలుద్దామని నోరు తెరిచాను. పిలిచి మాత్రం ఏం చేయను? ఫెర్రీ ఆగదు. చొక్కా తడిసి ఆయన వీపుకి అతుక్కుపోయి ఉంది. ఆ వయసులో అంత గట్టిగా తెడ్డు వేయడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే వెనక నుంచి ఇంకొక డుంగీ వచ్చింది. చిన్నాన్నది. నాన్న పక్క నుంచే వెళ్లింది. చిన్నాన్న తల తిప్పలేదు. దాటిపోయింది. నా చేతులు కమ్మీని ఎంత గట్టిగా పట్టుకున్నాయో తర్వాత అరచేతుల మీద తుప్పు మరకలు చూసుకుంటే తెలిసింది. కొంత దూరం పోయాక ఆ ఇంజన్ చప్పుడు తగ్గింది. డుంగీ మెల్లగా చుట్టు తిరిగి వెనక్కి వచ్చింది. చిన్నాన్న లేచి నిలబడి తాడు విసిరాడు. అది అందక నీళ్లలో పడింది. తడి తాడుని లాక్కుని, చుట్ట చుట్టి, మళ్లీ విసిరాడు. నాన్న పట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోలేదు. అంత దూరం నుంచి కూడా ఆ సంగతి నాకు తెలిసిపోయింది.

చాతంలో దిగి, దొరికిన ఆటో ఎక్కి మిన్నీ బే వచ్చేసరికి రెండు డుంగీలూ కట్టి ఉన్నాయి. చిన్నాన్న వెళ్లిపోయాడు. నాన్న ఒడ్డున కూర్చుని ఉన్నాడు. ఆ తడి తాడు ఆయన ఒళ్లో ఉంది.

"నాను సూసుకోలేదు పాటు అంత జోరుగా ఉంటాదని" అన్నాడు, నేనేమీ అడగకుండానే. తర్వాత తాడుని చుట్ట చుడుతూ, "సూసుకున్నాను. సరిపోద్దనుకున్నాను" అన్నాడు.

మర్నాడు తాడు తిరిగి ఇవ్వాలి. అమ్మ నన్ను తీసుకెళ్లమంది. నాన్న ఒప్పుకోలేదు. "నానే ఎల్తాను" అన్నాడు. కానీ చొక్కా వేసుకున్నాక గుమ్మంలో నిలబడిపోయి నా వైపు చూశాడు. నేనూ చెప్పులు వేసుకున్నాను. చిన్నాన్న ఇల్లు మా వెనక వీధిలోనే. అయినా పదకొండేళ్లలో నాన్న ఆ వీధిలో అడుగుపెట్టలేదు.

చిన్నాన్న వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి సూది ఆపాడు.

"తాడు కోసం ఇంత దూరం వొచ్చినావేటి?" అన్నాడు. ఆ పదకొండేళ్లలో నాన్నతో ఆయన అన్న మొదటి మాట అదే.

"డీజిల్ తక్కువ పోసుకున్నాన్రా" అన్నాడు నాన్న.

"తెల్సింది. పాటు టైమ్‌కి తక్కువ డీజిల్‌తో వొచ్చీ వోడు ఎవుడైనా ఉంటాడా? సావాలనుందేటి?"

"నువ్వు రోజూ ఎల్తన్నావు కదా. నాను ఎల్లకపోతే ఎలాగని."

చిన్నాన్న నవ్వాడు. అది సంతోషంగా వచ్చిన నవ్వు కాదు. "నాను ఎక్కడ ఎల్తన్నాను రోజూ? రెండు రోజులకోపాలి ఎల్తన్నాను. మిగతా రోజులు డుంగీ దగ్గరికొచ్చి, నువ్వు ఎల్లిందాకా వల సర్దుతున్నట్టు కూచుంటాను. నువ్వు ఎల్లిపోయేక ఇంటికొచ్చీస్తాను."

నాన్న కింద కూర్చున్నాడు. చాప మీద కూడా కాదు, మట్టిలోనే. ఇద్దరూ ఒకరు చూస్తున్నారని ఒకరు నటించుకుంటూ ఇన్నాళ్లూ గడిపారని అప్పుడు నాకు అర్థమైంది. పిన్ని లోపలి నుంచి టీ తెచ్చి ఇచ్చి, ఏం జరుగుతుందోనని తలుపు పక్కనే నిలబడింది.

టీ సగం తాగాక చిన్నాన్న అన్నాడు. "అమ్మనైతే నాను వొచ్చీవరకు ఆగలేదు నువ్వు."

నాన్న గ్లాసులోకి చూస్తూ, "తప్పే. ఆగవలసింది" అన్నాడు. ఎప్పుడూ, ఎవరి దగ్గరా ఆయన ఆ మాట అనగా నేను వినలేదు. తర్వాత ఇంకా మెల్లగా, "నువ్వు అమ్మని పట్టుకుని ఆ ఒడ్డుకి ఎల్తే, ఇంక అక్కడే ఉండిపోతావనుకున్నాను. నాకు ఇక్కడ ఎవులున్నారు?" అన్నాడు.

"పిచ్చోడివా?" అన్నాడు చిన్నాన్న. "ఆ ఊర్లో నాకు ఇల్లుందా, డుంగీ ఉందా? నాను ఇక్కడ పుట్టినోడ్నే కదేటి?" అని వలని మొహం దాకా లాక్కుని మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. ఎక్కడ చిరిగిందో చూడకుండానే కుడుతున్నాడు.

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని, "ఒక డుంగీలో ఎల్లకూడదా ఇద్దరూ? సగం డీజిల్ చాలు కదా" అంది. ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. అంత సులువైన మాట ఎవరికీ ఎందుకు తోచలేదో అన్నట్టు చూశారు.

అలా మొదలైంది. నాన్న ఇంజన్ కొత్తది కాబట్టి ఆ డుంగీ ఉంచుకున్నారు. చిన్నాన్న డుంగీని ఒడ్డుకి లాగి బోర్లించారు. ఆ రోజు చిన్నాన్న దాని అడుగున చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఇద్దరూ కూర్చుని పాత పద్ధతి గుర్తు చేసుకున్నారు. మా తాత తెడ్డు మీద, తెరచాప మీద వేటాడిన మనిషి. పాటుతో బయటికి పోయి, పోటు కోసం ఆగి, అది లోపలికి తోస్తున్నప్పుడు వచ్చేవాడు. ఇంజన్ వచ్చాక వీళ్లు నీళ్లని అడగడం మానేశారు. ఇప్పుడు మళ్లీ చంద్రుణ్ణి చూసుకుని బయల్దేరుతున్నారు. ఒక్కోసారి తెల్లవారకముందే, ఒక్కోసారి ఎండెక్కాక.

గొడవలు లేవని కాదు. చిన్నాన్నకి ఇంజన్ పూర్తి వేగంతో నడపడమే ఇష్టం. నాన్న ఓడ కథ చెప్పి సగానికి తగ్గిస్తాడు. "ఆ ఓడలోవోళ్లకి జీతాలొస్తాయి, మనకొచ్చీవి చేపలు, అవి కుళ్లిపోతాయి" అంటాడు చిన్నాన్న. ఒకసారి నీలం టార్పాలిన్‌తో తెరచాప కుట్టాడు. రెండు రోజులు అది బాగా పనిచేసింది. మూడో రోజు గాలి తిరిగి, వెదురుకర్ర విరిగి, చాప నాన్న తల మీద పడింది. ఒడ్డున అందరూ చూస్తుండగా టార్పాలిన్ కప్పుకుని దిగాడు నాన్న. ఆ రోజు రెండిళ్లలోనూ అదే కబురు.

వచ్చే చేప మాత్రం తగ్గింది. రెండు డుంగీల కానాగంత చేపలు ఒక డుంగీలో రావు కదా. పిన్ని, అమ్మ కలిసి చిన్నచేపల్ని ఉప్పు వేసి ఎండబెట్టడం మొదలుపెట్టారు. తమ్ముడికి ఈ సంగతులన్నీ మెసేజ్ పెడితే, చాలాసేపటి వరకు జవాబు రాలేదు. వచ్చాక అందులో ఇంజన్ రూము చప్పుడే ఎక్కువ వినబడింది. దాని మధ్యలో, "ఇద్దరూ ఒకే డుంగీలోనా? ఫోటో పంపు అక్కా, నమ్మలేకపోతున్నాను" అన్నాడు.

ధరలు పెరిగినందుకు మంచే జరిగిందని నేను అనను. ఎవరైనా అలా అంటే నాకు కోపం వస్తుంది. మా నాన్నకి వెనక వీధిలో తమ్ముడున్నాడు. అందరికీ ఉండడు. మా వీధి చివర ఒక తమిళ మావయ్య ఉన్నాడు. ఆయనా వేట మనిషే. కిందటి ఏడాది ధర మళ్లీ పెరిగినప్పుడు ఇంజన్ అమ్మేసి, ఒక హోటల్లో వాచ్‌మన్‌గా చేరాడు. యూనిఫాం వేసుకుని గేటు దగ్గర నిలబడి, వచ్చీ పోయే కార్లకి చెయ్యెత్తుతుంటే చూడటానికి మాకే ఇబ్బందిగా ఉండేది.

ఈమధ్య ఒక ఆదివారం పొద్దున ఆయన ఒడ్డుకి వచ్చాడు. నాన్న, చిన్నాన్న బయల్దేరబోతున్నారు. నేను టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లాను. ఆయన కాసేపు నీళ్ల వైపు చూస్తూ నిలబడి, "భయ్యా, ఒక మనిషికి జాగా ఉంటుందా?" అని అడిగాడు.

నాన్న డబ్బాలో ఉన్న డీజిల్ వైపు చూశాడు. మూడో మనిషంటే బరువు పెరుగుతుంది, వచ్చే చేప మూడు భాగాలవుతుంది. అవన్నీ ఆయన మొహంలో కనబడ్డాయి. చిన్నాన్న తాడు విప్పుతూ, "అన్నా, ఇంకా మెల్లగా పోదాం, అంతేకదా" అన్నాడు.

నాన్న పక్కకి జరిగి, "ఎక్కండి" అన్నాడు.

మావయ్య చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని, నడుంలోతు నీళ్లలోంచి వెళ్లి డుంగీ ఎక్కాడు. ఎక్కాక ఎక్కడ కూర్చోవాలో తెలియక కొంచెంసేపు నిలబడ్డాడు. చిన్నాన్న వల పక్కకి లాగి చోటిచ్చాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది.